తియ్యటి గ్యాసు

ముద్దు పెట్టాలి, వెనక్కి తిరగాలి, తలుపు దాటేదాకా మళ్ళీ చూడకూడదు. ఎంతమంది తల్లుల భుజాలు పట్టుకుని దూరిత ఈ మాట చెప్పిందో, ఎంతమందిని నవ్వుతూనే, కాని గట్టిగానే, ఆ తలుపు అవతలికి నడిపించిందో ఆమెకే గుర్తులేదు. ఇవాళ తన భుజం మీద ఎవరిదో చెయ్యి పడి "వెళ్ళు దూరితా, ఇక మేం చూసుకుంటాంలే" అని వినబడ్డాక గాని తెలియలేదు, అది ఎంత పనికిమాలిన మాటో. తిరిగి చూసింది. చూడొద్దని చెప్పే మనిషే చూసింది. పెద్ద దీపం కింద కొడుకు హానుస్ గుప్పెడంత కనిపించాడు, ఒక చెయ్యి మంచం అంచు నుంచి వేలాడుతోంది, దాన్ని ఎవరో దుప్పటి కిందికి సర్దుతున్నారు, ఆ సర్దే పని తనది, మత్తు నర్సుగా రోజూ తను చేసే పని, చెయ్యి చల్లగా ఉంటే కాస్త రుద్దేది కూడా. ఆరేళ్ళవాడు. మెల్లకన్ను. పొద్దున్న బాగానే ఉంటుంది గాని సాయంత్రమయ్యేసరికి ఎడమ కన్ను అలిసిపోయి ముక్కు దగ్గరికి వచ్చి కూర్చుంటుంది, బడిలో పిల్లలు వాణ్ణి ముక్కు చూసేవాడా అని పిలుస్తారు, వాడు ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి ఆ కంటిని బతిమాలతాడు. డెన్మార్క్ నుంచి అప్పుడప్పుడు వచ్చే కంటి డాక్టరు ఈసారి పొగమంచు అడ్డం పడకుండా దిగాడు. పోయినసారి విమానం దీవుల మీద చక్కర్లు కొట్టి కొట్టి వెనక్కి పోయింది. ఈసారి దిగాడని తెలిసి దూరిత ఎంత సంతోషించింది, కేకు కూడా చేసింది. ఇప్పుడు ఈ నడవలో నడుస్తుంటే, ఆ పొగమంచేదో ఈసారి కూడా వచ్చి ఉంటే బాగుండేదనిపిస్తోంది.

వెయిటింగ్ గదిలో కిటికీ పక్క కుర్చీ ఆక్రమించేసి సున్నెవా అప్పటికే అల్లిక బయటికి తీసింది. అత్తగారు, భర్త మిక్యాల్ తల్లి. దక్షిణ దీవి నుంచి మొదటి ఫెర్రీ పట్టుకుని వచ్చింది, సంచిలో గాలికి ఎండిన గొర్రె మాంసం ముక్క, మనవడికి అల్లుతున్న స్వెట్టరు, ఒక సీసా పుల్లటి రూబార్బ్ కాడల జామ్. ఆమె ఎక్కడికి వెళ్ళినా అల్లికతోనే వెళ్తుంది, ఊరంతా అంతే, చర్చిలో పాదిరి మాట్లాడేటప్పుడు మాత్రం ఆపుతారు, అదీ కొందరే.

"పడుకున్నాడా?"

"పడుకున్నాడత్తయ్యా."

"ఏడ్చాడా?"

"ఎక్కడ, తిట్టాడు. మాస్కులో రూబార్బ్ వాసన కావాలట. స్ట్రాబెరీ ఒక్కటే ఉందంటే, ఇదేం ఆసుపత్రి అన్నాడు."

సున్నెవా నవ్వుతుందనుకుంది. నవ్వలేదు. సూదుల మీద చూపు నిలిపి, "లోపల చలిగా ఉందా?" అంది. ఉండదత్తయ్యా, పిల్లలకని వెచ్చగా ఉంచుతారు. "ఐసు గట్రా ఏమీ పెట్టరు కదా వాడికి?" అంది మళ్ళీ. దూరితకు నవ్వొచ్చింది. కంటి మీద తరువాత చల్లటి గుడ్డ వేస్తే వేస్తారేమో, ఐసెందుకు, వాడేమన్నా కాడ్ చేపా? "ఏం లేదు, ఊరికే అడిగాను" అంది ముసలావిడ, సూదులు మళ్ళీ టకటకమన్నాయి.

కూర్చుంది దూరిత. లేచింది. మళ్ళీ కూర్చుంది. కిటికీ అవతల ఏటవాలుగా గడ్డి, గడ్డి మీద గొర్రెలు, వాటి కింద ఊరి కప్పులు, ఇంకా కింద రేవు, రేవులో ఎవరిదో చేపల ట్రాలర్ సరుకు దించుతోంది. మిక్యాల్ పడవ ఇప్పుడు గ్రీన్‌లాండ్ వైపు ఎక్కడో ఉంది, నిన్న ఫోన్‌లో సగం మాటలు గాలికి పోయాయి, మిగిలిన సగం జోకులు. భయపడ్డప్పుడే జోకులేస్తాడు. ఇప్పుడు లోపల ఏం జరుగుతుంటుంది? తెలుసు. అదే చావు. మిగతా తల్లులకు ఆ తలుపు వెనక ఒక చీకటి ఉంటుంది, ఆ చీకట్లో దేవుణ్ణో డాక్టర్నో కూర్చోబెట్టుకుంటారు. తనకు చీకటి లేదు. ఇప్పుడు గొంతులో గొట్టం పెట్టి ఉంటారు, ఇప్పుడు టేపు అంటించి ఉంటారు, కంటి డాక్టరు ఆ చిన్న కొక్కెంతో కండరాన్ని పట్టుకుని ఉంటాడు, ఆ కండరం లాగినప్పుడల్లా పిల్లల గుండె వేగం పడిపోతుంది, మానిటర్ కూత తగ్గుతుంది, హెర్గెయిర్ "వదులు" అంటాడు, డాక్టరు వదులుతాడు, కూత మళ్ళీ లేస్తుంది. హెర్గెయిర్ మంచి మత్తు డాక్టరే. తనతో పదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. అతని చేతిలో పెట్టానని ధైర్యంగా ఉండాలి. ఉండాలి గదా, ఉండదేం?

మత్తు గ్యాసులంటే దూరితకు వంటింటి మసాలాల్లాంటివి. పాతకాలం హాలోథేన్ తను చూడలేదు, చదువు చెప్పిన ముసలి టీచరు చెప్పేది, తియ్యగా ఉండేదట, పిల్లలు మారాం చెయ్యకుండా పీల్చేవారట, కాని గుండెతో ఆటలాడేది, లేపడానికి ఒక పూట పట్టేది. ఇప్పుడు సెవో. అదీ తియ్యగానే ఉంటుంది, ఊపిరి నాలుగుసార్లు పీల్చేసరికి కళ్ళు తేలేస్తారు. ఇంకోటి డెస్. దాని ఘాటుకి పిల్లలు దగ్గి దగ్గి నీలంగా మారతారు, అందుకని ముందు సెవోతో పడుకోబెట్టి, తరువాత కావాలంటే దానికి మార్చుకోవాలి, డెస్ ఎంత త్వరగా పట్టుకుంటుందో అంత త్వరగా వదిలేస్తుంది, కట్టేస్తే చాలు, పిల్లలు స్విచ్ వేసినట్టు లేస్తారు. లేవడమా అది! లేచి అరుస్తారు. కళ్ళు తెరిచే ఉంటాయి, తల్లిని చూస్తారు, తల్లని తెలియదు. తంతారు, కొరుకుతారు, చేతికి గుచ్చిన సూదులు పీకేస్తారు. ఏ గ్యాసుతో ఈ పిచ్చి తక్కువ వస్తుందో తేల్చుదామని హెర్గెయిర్‌కి బుద్ధి పుట్టింది. సగం మందికి సెవో, సగం మందికి డెస్, ఎవరికేది ఇచ్చారో తెలియకుండా దూరిత వాళ్ళు లేచే మంచాల పక్కన కూర్చోవాలి, తల్లిని గుర్తుపట్టాడా, ఓదారిస్తే ఆగాడా, కాళ్ళు తన్నుకుంటున్నాడా అని మార్కులు వెయ్యాలి. రెండు చలికాలాలు అలా పిల్లల ఏడుపులకు మార్కులు వేస్తూ గడిపింది. ఇంటికొచ్చి పడుకున్నా ఆ ఏడుపులే. ఒక పాప, పేరు గుర్తులేదు, జడలు గుర్తున్నాయి, మంచం కడ్డీలు పట్టుకుని "అమ్మను తీసుకురండి" అని తల్లి ఒళ్ళో కూర్చునే ఏడ్చింది. తల్లి మొహం చూడలేక దూరిత తల దించుకుని మార్కు వేసింది. చివరికి తేలిందేమిటయ్యా అంటే, రెండింటికీ తేడా లేదు. హెర్గెయిర్ ఆ మాట కోపెన్‌హాగెన్‌లో పెద్ద సభలో చెప్పొచ్చాడు. ఇంత శ్రమా పడి తేడా లేదని చెప్పడానికి విమానం ఎక్కావా అని అందరూ ఆటపట్టించారు. ఏ గ్యాసు మేలు, ఏ గ్యాసు మేలు అని రెండేళ్ళు తలలు బద్దలు కొట్టుకున్నారు గాని, ఎవరూ అడగని ప్రశ్న ఇంకోటేదో ఉందని ఇప్పుడెందుకో, కారణం లేకుండా, దూరిత మెడ వెనక చల్లగా పాకుతోంది.

కారణం లేకుండానా? ఉంది, ఒక చిన్నది. గోరులో ఇరుక్కున్న ముల్లులాంటిది. హానుస్ కళ్ళు మూతలు పడ్డాక, తను ముద్దు పెట్టడానికి వంగినప్పుడు, హెర్గెయిర్ బొటనవేలు వాడి గడ్డం కింద ఉంది. నోరు తెరవడానికి నొక్కాడు. ఆగాడు. మళ్ళీ నొక్కాడు. ఒక్క లిప్త. "కబుర్ల పోగు గదా, నోరు మూయించినా కోపమే, తెరిపించినా కోపమే" అన్నాడు నవ్వుతూ, తనూ నవ్వింది. మత్తు లోతు చాలకపోతే దవడ బిగుస్తుంది, మామూలే, ఇంకో నాలుగు ఊపిరులు పీలిస్తే వదులవుతుంది, రోజూ చూసేదే. రోజూ చూసేదాన్ని ఇవాళెందుకు పట్టుకు వేలాడుతున్నావే? తల్లివి కాబట్టి. తల్లులు ఇలాగే ఉంటారు, కాఫీ తాగమ్మా అని నువ్వే చెప్తావు వాళ్ళకి. లేచి కాఫీ పోసుకుంది. తాగలేదు.

పోయినవారం హెర్గెయిర్ ఎదురుగా కూర్చుని, నవ్వాపుకుంటూ, అందరినీ అడిగే ప్రశ్నే తననూ అడిగాడు: ఇంట్లో మత్తు వల్ల ఎవరికైనా ఏదైనా అయిందా, మీ వైపు గాని, మిక్యాల్ వైపు గాని? తన వైపు తనకు తెలుసు, తల్లికి పిత్తాశయం, అన్నకి మోకాలు, అందరూ చక్కగా పడుకుని చక్కగా లేచారు. మిక్యాల్‌ని ఫోన్‌లో అడిగితే పగలబడి నవ్వాడు. "మావాళ్ళలో మత్తు తీసుకున్నవాడే లేడే, ఇంక దాంతో ఇబ్బందెక్కడిది!" నిజమే. ఆ ఇంట్లో అదో గొప్ప. సున్నెవా పళ్ళు పీకించుకుంటే సూది మందు కూడా వద్దంది, కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది. ఇద్దరు పిల్లల్నీ ఇంట్లోనే కన్నది. మిక్యాల్ వేలు యంత్రంలో నలిగితే చెయ్యి మాత్రం తిమ్మిరెక్కించి కుట్టమన్నాడు, ఎందుకురా అంటే, మా అమ్మమ్మ మత్తంటే ఒప్పుకోదు, ఆవిడ తొంభై దాటింది, ఆవిణ్ణి ఏడిపించడమెందుకు అన్నాడు. గట్టివాళ్ళు అనుకుంది దూరిత. మొండివాళ్ళు అని కూడా అనుకుంది. దీవుల్లో ప్రతి ఇంటికీ ఒక మొండితనం ఉంటుంది, ఇదీ అలాంటిదేలే అని వదిలేసింది. రోజుకు పదిమందిని తరిచి తరిచి అడిగే మనిషి, తన ఇంట్లో ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

ఆ అమ్మమ్మ. బాప్టిజం రోజు. పిల్లవాడికి ఇంట్లో పోయినవాళ్ళ పేరు పెట్టాలి, అందరూ అంతే, పేరు పెడితేనే ఆ మనిషి వంశంలోకి మళ్ళీ వచ్చినట్టు. మిక్యాల్ హానుస్ అన్నాడు. అమ్మకో తమ్ముడుండేవాడట, చిన్నప్పుడే పోయాడు, చెయ్యి విరిగి పోయాడు, ఆ పేరు ఎవరూ పెట్టుకోలేదు, ఊరికే పోతోంది, మన వాడికి పెడదాం. చెయ్యి విరిగి పోయాడు. అందరూ ఆ మాటే అంటారు, అదే వరుసలో, పాటలో చరణంలా. ఆ కాలం, చిన్న దీవి, పుండు చీము పట్టిందేమో అనుకుంది దూరిత, చెయ్యి విరిగితే చచ్చిపోరే అని ఆమెకు తట్టకుండా పోలేదు, తట్టింది, తట్టినా పోయిన పిల్లల గురించి అడగడం ఇక్కడ అలవాటు లేదు, వాళ్ళుగా చెబితే వినాలి. చర్చి మెట్ల మీద ముసలమ్మ పిల్లవాడి బుగ్గ మీద వేలు పెట్టి, "ఆ పేరు చల్లగా ఉంటుందమ్మా" అంది. వయసు మీదపడిన మాట అనుకున్నారు. సున్నెవా మాత్రం తల్లి చెయ్యి పట్టుకుని గబగబా కారు దగ్గరికి తీసుకుపోయింది. ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పలేదు. తరువాత కాఫీ, కేకులు. ఆ చలికాలమే ముసలమ్మ పోయింది.

నడవలో ఐసు మిషను గడగడమంది. ఎవరో నర్సు, ఒక పాపకిచ్చే గ్లాసులో జ్యూసు పోసి మిషను కింద పెట్టి మీట నొక్కింది, ముక్కలు గలగల రాలాయి. సూదుల చప్పుడు ఆగిపోయింది. దూరిత తలెత్తి చూసింది. సున్నెవా అల్లిక గుండెకు అదుముకుని, తలుపు వైపు, ఆ చప్పుడు వచ్చిన వైపు చూస్తోంది. ఆ చూపు దూరిత ఎరుగుదు. తెరిచిన కళ్ళతో ఎదుట ఉన్నదాన్ని చూడని పిల్లల చూపు అది.

"అత్తయ్యా. ఐసంటే ఏమిటి? పొద్దుటి నుంచి అడుగుతున్నారు."

"ఏం లేదే."

"ఏదో ఉంది."

ముసలావిడ అల్లికను ఒళ్ళోకి దించింది. దాంతో మాట్లాడుతున్నట్టే మాట్లాడింది. "మా తమ్ముణ్ణి ఐసులో పెట్టి చంపుకున్నామే మేము" అంది. "చెయ్యి విరిగి పోయాడని చెప్తాం గాని చెయ్యి విరిగితే ఎవరు పోతారు? కొట్టం కప్పు మీంచి పడ్డాడు. ఎముక సరిచెయ్యాలని ఆసుపత్రిలో పడుకోబెట్టారు. నేను బయట బెంచీ మీదున్నా. తలుపు తెరిచి నర్సు అరిచింది, ఐసు తెండి, ఐసు తెండి అని. నాన్న చేపల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు గదా, పరుగెత్తాడు. చేపల పెట్టెల్లో తెచ్చారు, ఇద్దరు మనుషులు తోపుడుబండి మీద. పొలుసులు కూడా ఉన్నాయి దాంట్లో. వాణ్ణి దాంట్లో పూడ్చిపెట్టినట్టు పెట్టారు. తొమ్మిదేళ్ళవాడు, చలికాలంలో, ఐసులో. అమ్మ లోపలికెళ్ళేసరికి కట్టెలా బిగుసుకుపోయి ఉన్నాడు. చన్నీళ్ళు తాగిద్దామన్నా నోరు తెరుచుకోలేదట, చెంచా వంగిపోయిందట. ఐసు పెట్టి నా బిడ్డను గడ్డకట్టించావు అని అమ్మ నాన్న మీద పడి కొట్టింది. ఊళ్ళో కూడా అన్నారు, చేపలా పెట్టి చంపుకున్నారని. నాన్న మళ్ళీ ఆ ఫ్యాక్టరీ గుమ్మం ఎక్కలేదు, గొర్రెలు కాసుకుంటూ బతికాడు. ఎవరికీ చెప్పొద్దు అన్నారు. నేను ముద్దు పెట్టుకున్నాను వాణ్ణి. జుట్టంతా తియ్యటి వాసన."

"తియ్యటి వాసన" అంది దూరిత.

"ఆఁ. తియ్యగా. మిఠాయి కొట్టులో ఉన్నట్టు."

గదిలో ఏదీ మారలేదు. గొర్రెలు గొర్రెల్లాగే ఉన్నాయి. ఐసు ఎందుకు అడుగుతారు? ఒళ్ళు కాలిపోతే అడుగుతారు. మత్తులో ఉన్న పిల్లాడికి ఒళ్ళెందుకు కాలుతుంది? కట్టెలా బిగుసుకుపోయాడు, ఐసు పెట్టాక కాదు, అంతకు ముందే, ముందే బిగుసుకున్నాడు, నోరు తెరుచుకోలేదు, దవడ, హెర్గెయిర్ బొటనవేలు, నొక్కాడు, ఆగాడు, మళ్ళీ నొక్కాడు. ఏటా ఒకసారి బొమ్మను పడుకోబెట్టి సాధన చేస్తారు దీనికి. గ్యాసు తగిలితే కండరాలు తమను తాము కాల్చుకునే రోగం, రక్తంలో తల్లి నుంచో తండ్రి నుంచో బిడ్డకు దిగే రోగం, గ్యాసు తగలనంత కాలం మనిషి వందేళ్ళు బతుకుతాడు, తనకుందని కూడా తెలియదు. మొదటిసారి ఏమీ కాకపోవచ్చు, మొదటిసారే చంపెయ్యొచ్చు, వెంటనే రావచ్చు, గంటకు రావచ్చు. దూరిత తన సర్వీసులో ఒక్కసారి కూడా చూడలేదు, ఎవరూ చూడలేదు, బొమ్మనే చూశారు. సున్నెవాకు మత్తు తగల్లేదు. మిక్యాల్‌కి తగల్లేదు. అది గట్టితనం కాదు, ముసలమ్మ భయం వాళ్ళను కాపాడింది, తప్పుడు భయమే, ఐసు భయం, అయినా కాపాడింది. మరి ఆ భయాన్ని నవ్వి తీసిపారేసి, కేకు చేసి, స్ట్రాబెరీ వాసన రాసి తన చేత్తో తనే మాస్కు పట్టుకుంది. నాన్నా, గట్టిగా ఊదు, బెలూన్ ఊదినట్టు ఊదు, అని తనే అంది. సెవో మేలా, డెస్ మేలా. తేడా లేదు. వీడికి మాత్రం నిజంగానే తేడా లేదు, అన్నీ ఒకటే, హాలోథేనూ అదే, తియ్యదీ అదే, ఘాటుదీ అదే.

లేచింది. లేచి నిలబడిపోయింది. కాదేమో. చిన్నపిల్ల చూసిన సంగతి, అరవై ఏళ్ళనాటి సంగతి, చీము పట్టిన జ్వరమేమో, ఆ కాలంలో దేనికైనా ఐసు పెట్టేవారేమో. ఆపరేషన్ మధ్యలో తల్లి తలుపు తోసుకుని వెళ్తుందా? కంటి మీద కత్తి ఉంటుంది. ఎంతమంది తల్లుల్ని ఆపాను, ఎంతమంది గురించి తరువాత కాఫీ గదిలో నవ్వుకున్నాం. రేపటి నుంచి ఆ గదిలో తన మొహం ఎలా పెట్టుకు తిరుగుతుంది? ఈ దీవుల్లో మనుషులు మునిగిపోతూ కూడా పక్కవాడికి ఇబ్బందవుతుందేమోనని కేకెయ్యరు. ఆ సిగ్గు తనకూ పాలతో పట్టారు. ఆ సిగ్గులోనే ఒక ఇల్లు అరవై ఏళ్ళు నోరు మూసుకు కూర్చుంది. కాళ్ళు కదలవేం? కదలండే. "ఎక్కడికే?" అని సున్నెవా అంటోంది, ఆ మాట వెనకే ఉండిపోయింది, దూరిత అప్పటికే నడవలో పరుగెత్తుతోంది, కాఫీ ఎక్కడో ఒలికింది, పిల్లి బొమ్మల గోడ, చేపల బొమ్మల గోడ, తల్లులు ఇక్కడ ఆగవలెను అని తనే అంటించిన పసుపు గీత. దాటింది.

తలుపు భుజంతో తోసింది. అందరి కళ్ళూ మాస్కుల పైనుంచి ఒకేసారి ఇటు తిరిగాయి. హెర్గెయిర్ మోకాళ్ళ మీద కూర్చుని యంత్రం కింది సున్నం డబ్బా మారుస్తున్నాడు, ఊపిరిలో వదిలిన బొగ్గుపులుసు గాలిని పీల్చే డబ్బా, అది పాతబడితే తెరమీద గీత పైకి ఎక్కుతుంది. గీత ఎక్కుతోంది. అతను తప్పు డబ్బాదనుకున్నాడు. తనైనా అదే అనుకునేది.

"గ్యాసు కట్టెయ్! హెర్గెయిర్, గ్యాసు కట్టెయ్! డబ్బా కాదు!"

"దూరితా, నువ్వు బయటికి..."

"మిక్యాల్ మేనమామ మత్తులోనే పోయాడు. బిగుసుకుపోయి, ఒళ్ళు కాలిపోయి. హానుస్ దవడ చూశావు నువ్వు! చూశావు కదూ!"

హెర్గెయిర్ ఆమె మొహం చూశాడు, గీత చూశాడు, లేచి హానుస్ దవడ పట్టుకున్నాడు. అతని కళ్ళలో రంగు పోవడం దూరిత చూసింది. అంతటి భయం ఆమె జీవితంలో ఇంకెవరి కళ్ళలోనూ చూడలేదు. మరుక్షణం చేతులు కదిలాయి. గ్యాసు మీట తిరిగింది, యంత్రం పక్కకు పోయింది, ఎవరో ఎర్రమూత పెట్టె తెచ్చారు, దాంట్లో ఈ రోగానికున్న ఒకే ఒక్క మందు, పొడి సీసాలు, నీళ్ళు, అందరూ సీసాలు పట్టుకుని గిలకొడుతున్నారు, కంటి డాక్టరు కూడా గిలకొడుతున్నాడు, ఆ పొడి త్వరగా కరగదు, బొమ్మతో సాధన చేసేటప్పుడు ఉత్త సీసాలు ఊపి నవ్వుకునేవాళ్ళు. దూరిత చేతులు చాచింది, ఒక సీసా, ఒక్క సీసా నాకివ్వండి. "నువ్విప్పుడు తల్లివి, నర్సువి కాదు" అన్నాడు హెర్గెయిర్, కోపంగా కాదు. "ఒళ్ళు వేడెక్కుతోంది. పోయి ఐసు పంపించు. ఎంత ఉంటే అంత."

మళ్ళీ నడవ. ఐసు మిషను ముందు సున్నెవా నిలబడి ఉంది, అరుపులు విని వచ్చినట్టుంది, స్వెట్టరు ఒక చేతిలో, సంచి భుజాన, ఊలు దారం వెనక నేలంతా పారింది. దూరిత ఏమీ చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది. రెండు చేతులూ చాచి మిషనుకు అడ్డంగా నిలబడింది.

"వద్దు. నీకు దణ్ణం పెడతానే, వద్దు. ఐసు వద్దు. వాడు చిన్నవాడు."

తోసెయ్యాలి. తోసేసే టైమే ఉంది, చెప్పే టైము లేదు. అయినా దూరిత ఆ రెండు చేతులూ పట్టుకుంది. గొర్రె ఊలు వాసన, పండిపోయిన గోళ్ళు, బెంచీ మీద కూర్చున్న చిన్నపిల్ల ఎక్కడో లోపల ఇంకా కూర్చునే ఉంది.

"అత్తయ్యా, వినండి. మీ తమ్ముణ్ణి ఐసు చంపలేదు. మత్తు గ్యాసు చంపింది. ఒళ్ళు కాలిపోతుంటే మీ నాన్న ఐసు తెచ్చాడు. ఆ రోజు వాడికి పనికొచ్చిన వస్తువు అదొక్కటే. ఆ రోజుకి దీనికి మందు లేదు. ఇప్పుడుంది, లోపల ఇస్తున్నారు. ఐసు కూడా కావాలి."

సున్నెవా మొహం ముక్కలు ముక్కలుగా విరిగిపోయి మళ్ళీ ఒక్కటయింది. "నాన్న..." అంది. "నాన్నకెవరూ చెప్పలేదే." సంచిలోంచి ఊలు ఉండలన్నీ నేల మీద పారబోసింది, జామ్ సీసా, మాంసం ముక్క, అన్నీ, ఖాళీ సంచి మిషను కింద పట్టి మీట మీద బరువంతా వేసి నొక్కింది. గడగడమని రాలుతున్నాయి. సంచి తడిసి బరువెక్కింది. దూరిత చెయ్యి వెయ్యబోతే తోసేసింది. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో, సంచి పొట్టకు కరిపించుకుని ఆవిడ పరుగెత్తిన పరుగు, పసుపు గీత దాటిన తీరు, దూరిత వెనక నడుస్తూ చూసింది. ఎవరూ ఆమెను ఆపలేదు.

తలుపు సగం తెరుచుకుంది. లోపలి నర్సు సంచి అందుకుంది, ఇంకో చేత్తో దూరిత మణికట్టు గట్టిగా పట్టుకుంది. "గీత ఆగింది" అంది. "ఎక్కడం ఆగింది. దవడ కాస్త వదులైందంటున్నాడు. ఇవాళంతా నిద్రలోనే ఉంచుతారు." గీత ఆగడమంటే దిగడం కాదు, దూరితకు తెలుసు, ఆ తరువాత మూత్రపిండాలున్నాయి, గుండె ఉంది, రాత్రి ఉంది, అన్నీ తెలుసు, తెలియకుండా ఉంటే బాగుండేవన్నీ తెలుసు. ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూలబడింది. ఎప్పుడో ఒకప్పుడు వాడు లేచి, తనను గుర్తుపట్టకుండా, తన్ని, కొరికి, ఈ ఆసుపత్రి కప్పు లేచిపోయేలా ఏడిస్తే చాలు. ఎన్ని మార్కులు కావాలంటే అన్ని వేస్తుంది.

తలుపు మూసుకోబోతోంది. సున్నెవా దానికి చెయ్యి అడ్డం పెట్టింది. ఐసు పట్టుకున్న ఆ చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, వాటిని ఆమె తుడుచుకోలేదు.

"చాలకపోతే చెప్పమ్మా," అంది లోపలి నర్సుతో, "ఇంకా తెస్తాను."